శోకానికి కీబోర్డు

పల్లె పాటలతో సొంతంగా ఒక క్యాసెట్టు వేద్దామని దోహాలోని మా తెలుగు సంఘానికి ఎందుకు బుద్ధి పుట్టిందో గానీ, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తొంభైల నడిమి రోజులవి. మావారు ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవారు, నేను ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లలకి సైన్సు చెప్పేదాన్ని. సంఘంలో ఉన్నవాళ్ళంతా ఇంజినీర్లు, ఆడిటర్లు, వాళ్ళ భార్యలు. వాళ్ళకి పల్లెంటే వేసవి సెలవుల్లో తాతగారింట్లో తిన్న తాటిముంజెలు. పల్లెలో పుట్టి, నాట్లు వేసి, దూడకి గడ్డి కోసి పెరిగినదాన్ని ఆ గుంపులో నేనొక్కదాన్నే. మాది జగిత్యాల వైపు. అందుకని పాటలు పట్టుకొచ్చే పని నాకు అప్పగించి, వాటిలో ఏవి మంచివో తేల్చే పని మాత్రం వాళ్ళు పెట్టుకున్నారు.

హైదరాబాదులో ఒక క్యాసెట్ల కంపెనీకి ముందే రాసి చూశారట. వాళ్ళు జవాబు కూడా ఇవ్వలేదు. దాంతో మా అధ్యక్షులవారికి పౌరుషం వచ్చింది. "ఎవడి దయా మనకక్కర్లేదు. మన క్యాసెట్టు మనమే చేసుకుందాం, మన మట్టి వాసన ప్రపంచానికి చూపిద్దాం" అన్నారు. ఆయనది అల్ ఘర్రాఫాలో విల్లా. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ చేరేవాళ్ళం. ఏసీ ఎంత పెట్టేవారంటే ఆడవాళ్ళం కొంగులు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చునేవాళ్ళం. పాలరాతి నేల మీద కాళ్ళు ముడుచుకుని మట్టి వాసన గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఎంపిక సంఘం అంటే ముఖ్యంగా ముగ్గురు. అధ్యక్షులవారు, ఆయన భార్య, కీబోర్డు ఆయన. ఆవిడ చిన్నప్పుడు కాకినాడలో సంగీతం నేర్చుకున్నారు, క్యాసెట్టులో పాటలన్నీ ఆవిడే పాడాలన్నది ఎవరూ నోటితో అనకుండానే ఖాయమైపోయింది. కీబోర్డు ఆయన బ్యాంకు ఉద్యోగి. జపాను కీబోర్డు ఒకటి కొనుక్కుని, దాంతోపాటు కవిత్వం కూడా వచ్చేసిందనుకునే రకం. మావారు కార్యదర్శి. ఆయన పని టీ కప్పులు అందించడం, ఎవరేమన్నా తలూపడం.

నేను తెచ్చిన పాటలకి వాళ్ళు పట్టించిన గతి ఏమని చెప్పను! కల్లుగీసేవాడి పాట ఒకటి తెచ్చాను. చెట్టెక్కుతూ పెళ్ళాన్ని ఉడికించే పాట అది, భలే హుషారుగా ఉంటుంది. అధ్యక్షులవారు విని బాగా నవ్వారు కూడా. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, "కల్లు మాత్రం తీసెయ్యాలమ్మా. ఇక్కడ మద్యం నిషేధం. మినిస్ట్రీలో సెన్సారు వాళ్ళు పట్టుకుంటే మనకి డిపోర్టేషనే" అన్నారు.

"ఆ సెన్సారు అరబ్బుకి తెలుగొస్తుందా సార్?" అన్నాను.

"రిస్కు ఎందుకమ్మా" అన్నారు.

కీబోర్డు ఆయన అక్కడికక్కడే కల్లు తీసి పాలు పెట్టాడు. ఇక మా పాటలో మనిషి తాటిచెట్టెక్కి, మెడలో ముంత కట్టుకుని, పాలు దింపుతాడు. ఇంత మంది చదువుకున్నవాళ్ళు కూర్చుని, తాటిచెట్టు పాలిస్తుందా అని ఒక్కరూ అడగలేదు! నేనడిగితే, "కవితాత్మకంగా తీసుకోవాలండీ" అన్నాడు కీబోర్డు ఆయన. మావారు తలూపారు.

కలుపుతీత పాటలో దొరని తిట్టే చరణాలుంటాయి. దొర తీసేసి 'మావయ్య' పెట్టారు. తిట్లు తీసేసి ఆయనకి దండాలు పెట్టించారు. అసలు పాటలో ఎండకి ఒళ్ళు కాలి దొరకి శాపనార్థాలు పెట్టే ఆడది, వీళ్ళ చేతిలో పడి మావయ్యగారి పొలంలో పూలు ఏరుకుంటోంది. "పల్లె అంటే ఒక స్వచ్ఛత కదండీ" అన్నారు గాయనిగారు. అంత స్వచ్ఛమైన పల్లె ఎక్కడుందో చెప్తే మా వాళ్ళందర్నీ అక్కడికే పంపిస్తానండీ అన్నాను. ఆవిడ అది మెచ్చుకోలనుకుని చిరునవ్వు నవ్వారు.

ఇంక మా మామ సంగతి చెప్పాలి. మా అమ్మకి సొంత తమ్ముడు. సనయ్యాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, లేబర్ క్యాంపులో ఉండేవాడు. బిల్డింగుల సైట్లలో సలాకలు కట్టే పని. మా మామ కూడా తక్కువవాడేం కాదు. పాట పాడతానని ఒళ్ళంతా గర్వం. శుక్రవారం పొద్దున జుట్టుకి రంగేసుకుని, సూక్‌లో, అంటే అక్కడి బజారులో, కొన్న అత్తరు పూసుకుని మా ఫ్లాటుకి భోజనానికొచ్చేవాడు. వస్తూనే కూరలో ఉప్పు తక్కువనేవాడు. తన కంటే బాగా పాడేవాడు ఖతార్ మొత్తంలో లేడనేవాడు. క్యాంపులో ఇంకెవడైనా పాట ఎత్తుకుంటే రేడియో సౌండు పెంచేవాడట. ఆయన స్నేహితులే చెప్పి నవ్వేవారు.

అలాంటి మనిషి ఒక్క విషయం దగ్గర మాత్రం మెత్తబడిపోయేవాడు. అంతకు కొన్నేళ్ళ ముందు మా అమ్మమ్మ, అంటే ఆయన తల్లి, పోయినప్పుడు ఊరికి వెళ్ళలేకపోయాడు. కబురు అందేసరికే మన్ను వేసేశారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, మేనేజరు "మాఫీ లీవ్", అంటే సెలవు లేదు, అని ఒక్క మాటతో తేల్చేశాడు. కానీ ఊళ్ళో ఇదంతా ఎవరికి కావాలి? కన్నతల్లి పోతే కంటతడి పెట్టని కొడుకు అన్నారు. అందరికంటే ఎక్కువగా అన్నది మా అమ్మ. "గాడు నాకు తమ్ముడే కాడు" అని అప్పటి నుంచీ మాట్లాడటం మానేసింది. ఉత్తరం రాస్తే చదవదు, చీర పంపితే కట్టదు.

మా వైపు మనిషి పోతే ఊరికే ఏడవరు, శోకం తీస్తారు. పోయినవాళ్ళు ఎలా బతికారో, ఏం చేశారో, ఎలా పోయారో అన్నీ రాగంలో చెప్పుకుంటూ ఏడుస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో తీరు ఉంటుంది. అది ఆడవాళ్ళ పని. కానీ క్యాంపులో ఆడది ఎక్కడ దొరుకుతుంది? అందుకని మామే రెండు మంచాల మధ్య కూర్చుని, మా అమ్మమ్మ తన మొగుడు పోయినప్పుడు తీసిన రాగంలోనే తల్లికి శోకం తీశాడు. తర్వాత దాన్ని టేపులో పాడి, సెలవు మీద ఊరికి వెళ్తున్న ఒకతని చేతికిచ్చి అక్కకి పంపాడు. మా అమ్మ దాన్ని కవరు విప్పకుండా అదే మనిషితో తిప్పి పంపింది.

క్యాసెట్టు సంగతి తెలిశాక మామకి ఆశ పుట్టింది. ఒక శుక్రవారం ఆ టేపు జేబులో వేసుకొచ్చి నా ముందు పెట్టాడు.

"ఇగో బిడ్డా, ఇది మీ ఇంజినీర్లకు ఇనిపియ్యి. ఇసొంటి పాట వాళ్ళ తాతలు సుత ఇనుండరు."

"మామా, ఇది అమ్మమ్మ మీద శోకం గద. పాటల క్యాసెట్ల ఎందుకు?"

"ఊరంత తిట్టింది నన్ను. చాయ్ హోటల్ల కూసున్న ప్రతోడు తిట్టిండు. గా హోటల్లనే నా గొంతు మోగాలె. మా అక్క గా తొవ్వంబటి వోతుంటె చెవుల వడాలె. నలుగుర్ల మాట వడ్డ, నలుగుర్లనే ఇనవడాలె." అని టేపుని నా వైపు జరిపి, "నేను ఏడ్సిన్నే. ఏడ్సిన్నని మా అక్కకు తెల్వాలె, గంతే" అన్నాడు.

ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. సరే మామా అన్నాను. ఎలాగైనా ఆ పాట ఆయన గొంతుతోనే క్యాసెట్టులో పడేలా చూడాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అల్ ఘర్రాఫా విల్లాలో టేపు పెట్టాను. వెనకాల క్యాంపు ఏసీ మోత, ఎవరో మలయాళంలో పిలవడం, వాటి మధ్యన మామ గొంతు.

"పొయ్యి మీద ఎసరు వెట్టి ఏడికి వోతివే అవ్వా... నా కాళ్ళకు ఎండ తాకకుంట కొంగు వర్సినదానివి, నెత్తినిండ మన్ను ఎట్ల కప్పుకుంటివే అవ్వా..."

టేపు ఆగింది. గాయనిగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. పాపం, నాకు ఆశ కలిగింది. వీళ్ళనెందుకు అనవసరంగా తిట్టుకున్నానా అని కూడా అనుకున్నాను.

"ఎంత మెత్తగా ఉందండీ ట్యూను! జోలపాటలా ఉంది" అన్నారు ఆవిడ.

"జోలపాట కాదండీ. శోకం. మా అమ్మమ్మ పోయినప్పుడు మా మామ ఏడ్చింది. ఊళ్ళో మా అమ్మ వినాలని ఆయన కోరిక" అని ఉన్నదున్నట్టు అంతా చెప్పాను.

అధ్యక్షులవారు నాలుక కరుచుకున్నారు. "అయ్యయ్యో! అశుభం కదమ్మా. జనం ఇళ్ళల్లో పెట్టుకుని వినే క్యాసెట్టు. శుభమా అని కొనుక్కుంటే చావు పాటా?"

"వదలొద్దు సార్ ఈ ట్యూను" అని లేచాడు కీబోర్డు ఆయన. "మాటలు మార్చేద్దాం. మేడమ్ అన్నట్టు జోలపాట చేసేద్దాం. మొదటి సైడులో ఒక జోలపాట తక్కువైందని మొన్నే అనుకున్నాం కదా."

"ఆ రాగంలో మా దగ్గర పిల్లల్ని నిద్రపుచ్చరండీ" అన్నాను. "ఆ రాగం వినబడితే చుట్టుపక్కలవాళ్ళు చేతిలో పని వదిలేసి ఎవరింట్లో ఏమైందో అని పరిగెత్తుకొస్తారు."

"రాగానికి చావూ పుట్టుకా ఏంటండీ? అన్నీ స్వరాలేగా" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆయన కీబోర్డు ఆయన నెత్తినే వెయ్యాలనిపించింది. మావారు నా మోచెయ్యి తట్టి "పోనీలెద్దూ" అన్నారు. ఆయన్ని ఒక్క చూపు చూశాను. ఆ రాత్రి ఇంట్లో వంట చెయ్యలేదు.

వారం తిరిగేసరికి కీబోర్డు ఆయన మాటలు రాసేశాడు. "పాలబువ్వ తిన్నావు పడుకోవే పాపాయీ, పండు వెన్నెల తెచ్చి కప్పుకోవే పాపాయీ" అట! మా అమ్మమ్మ కప్పుకున్న మన్నుని ఈయన వెన్నెల చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టనివాళ్ళలో నాతోపాటు ఆ హాలులో నిద్రపోతున్న ఎవరి పాపో ఒకతి ఉంది.

మామకి చెప్పడం నా వంతైంది. పాట సెలెక్టయిందనగానే కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలేసుకున్నాడు. "నేను జెప్పలే!" అన్నాడు. మిగతాది చెప్పాక కాలు దించాడు.

"నా తల్లిని పొల్లను జేసి తొట్టెల పండవెడ్తరా?" అన్నాడు. "వాళ్ళ నోట్ల మన్నువడ! ఆ టేపు ఇటు దే. నేను పోయి మాట్లాడ్త."

నేను వద్దన్నా వినలేదు. నాతోపాటే విల్లాకొచ్చాడు. దారంతా వాళ్ళని ఎలా కడిగెయ్యాలో నాకు చెప్పాడు. తీరా ఆ తెల్ల సోఫాలూ, అధ్యక్షులవారి బట్టతలా చూడగానే గాలి తీసేసినట్టయిపోయాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని, "సార్, మాటలు మీ ఇష్టమున్నట్టు పెట్టుకోన్రి. గొంతు మాత్రం నాది ఉండాలె సార్. మా అక్క గుర్తువట్టాలె" అన్నాడు. నాకు ఆయన మీద కూడా చెడ్డ కోపం వచ్చింది. సైటులో ఫోర్‌మన్ని బూతులు తిట్టే మనిషి ఇక్కడ సార్ సార్ అంటాడేమిటి!

"జోలపాటకి మగ గొంతు ఏం బాగుంటుందయ్యా? మా ఆవిడ పాడుతుందిలే" అన్నారు అధ్యక్షులవారు దయగా. "కావాలంటే నువ్వు కోరస్‌లో ఉండు."

"కోరస్ అంటె ఏంది సార్?"

"వెనకాల ఊ... ఊ... అనాలి. ఊయల ఊపుతున్నట్టు."

మామ చేతులు విడిచాడు. "ఊ అనెతందుకు నన్ను కనలేదు సార్ మా అవ్వ" అని చెప్పులేసుకుని ఎండలో నడుచుకుంటూ పోయాడు. నేను వెనకాలే వెళ్ళి పిలిస్తే కూడా ఆగలేదు. టేపు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. నేను నా పేరు తీసెయ్యండని చెప్పి బయటికొచ్చేద్దామనుకున్నాను. మావారు కొత్తగా ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నారు, అధ్యక్షులవారి మాట సాయం కావాలి. అందుకని నోరు నొక్కుకున్నాను. ఇంట్లో మాత్రం ఎవర్నీ వదిలిపెట్టలేదు.

రికార్డింగు ఆ విల్లాలోనే పడగ్గదిలో జరిగింది. కిటికీలకి కంబళ్ళు కట్టారు. ఏసీ మోత పడకూడదని ఆపేశారు. జూలైలో దోహాలో ఏసీ ఆపితే ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. గాయనిగారు మధ్యమధ్య తువ్వాలుతో తుడుచుకుంటూ వెన్నెల గురించి పాడారు. కీబోర్డు ఆయన చివర్లో పక్షుల కిలకిల కూడా ఒక బటన్ నొక్కి పెట్టాడు. ఆవిడ గొంతు బాగుంటుంది, అది నేను కాదనను. ట్యూను ఒక్క పిసరు తప్పకుండా పట్టేశారు. మామ గొంతులో అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన ప్రతి మలుపూ అందులో ఉంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

క్యాసెట్టు అట్ట మీద ఎడ్లబండి, వెనకాల సూర్యుడు, వరసగా కొబ్బరిచెట్లు. మా వైపు పల్లెలో కొబ్బరిచెట్ల వరస ఎవడు చూశాడు? లోపలి అట్ట మీద గాయనిగారి ఫొటో, కీబోర్డు ఆయన ఫొటో, అధ్యక్షులవారి సందేశం. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో 'సేకరణ: శ్రామిక సోదరులు' అని ఉంది. విడుదల సభకి కుర్చీలు నిండాలి కదా, అందుకని క్యాంపుల నుంచి బస్సుల్లో మనుషుల్ని తెప్పించారు. సభలో అందరూ అందర్నీ పొగుడుకున్నారు. మామ రాలేదు.

క్యాసెట్లు అమ్ముడుపోలేదు. కొన్నవాళ్ళు కొన్నారు, వాళ్ళు కూడా మొహమాటానికి కొన్నవాళ్ళే. పాలు దింపే తాటిచెట్టు ఎవరికి కావాలి? మిగిలినవి అధ్యక్షులవారి గ్యారేజీలో అట్టపెట్టెల్లో కూర్చున్నాయి. చివరికి ఆవిడ గ్యారేజీ ఖాళీ చెయ్యమని పోరు పెట్టడంతో, వాటిని 'సేవా కార్యక్రమం' అని పేరు పెట్టి క్యాంపుల్లో ఊరికే పంచారు. మావాళ్ళు ఊరికే వచ్చింది వదులుతారా? సెలవు మీద వెళ్ళే ప్రతివాడూ సబ్బుల పక్కన, కంబళ్ళ మడతల్లో రెండేసి మూడేసి పెట్టుకుని తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత మామ శుక్రవారం భోజనానికి రావడం మానలేదు గానీ పాట మాట ఎత్తేవాడు కాదు. కూరలో ఉప్పు తక్కువని కూడా అనేవాడు కాదు. జుట్టుకి రంగు మానేశాడు, చెవుల పక్కన తెల్లగా బయటపడింది. అక్క కబురేమైనా తెలిసిందా అని కూడా అడగలేదు. ఆయన గొప్పలు వినీ వినీ విసుక్కునే నేను, ఒక్కసారి గొప్ప చెప్పుకుంటే బాగుండునని ఎదురుచూసేదాన్ని.

ఇంత జరిగాక బుద్ధొస్తుందనుకుంటాం కదా! లేదు. రెండో భాగం వేస్తామన్నారు. అధ్యక్షులవారి విల్లాలో రంగులు వేస్తున్నారని ఈసారి పాటల ఎంపిక మా ఫ్లాటులో పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం. మామ అన్నం తిని, హాలులో ఓ మూల గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్ళు ఆయన్ని చూసి చూడనట్టు కూర్చున్నారు. ఈసారి పెళ్ళి పాటలు బాగుంటాయా, పండగ పాటలు బాగుంటాయా అని చర్చ. కీబోర్డు ఆయన ఎందుకైనా మంచిదని టేప్ రికార్డరు ప్లగ్గులో పెట్టి సిద్ధంగా ఉంచుకున్నాడు. గాయనిగారు నేను వేయించిన పకోడీలు తింటున్నారు.

ఫోన్ మోగింది. మా అమ్మ. మండలంలోని ఎస్టీడీ బూత్ నుంచి. మా అమ్మ తనంతట తాను ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

"బిడ్డా, నిజం జెప్పు. తమ్ముడు ఉన్నడా, పోయిండా?"

"ఏందమ్మా గట్లంటవ్? మామ ఈడనే ఉన్నడు."

"నాకు అబద్ధమాడకు. దుబాయ్ నుంచి అందరు గిట్లనే జెప్తరు. పానం బాగలేదంటరు, దవఖానల ఉన్నడంటరు, ఆఖరికి శవం పెట్టె దింపుతరు." మా అమ్మకి గల్ఫ్ అంతా దుబాయే. అమ్మ రొప్పుతోంది. నడిచొచ్చినట్టుంది. "చాయ్ హోటల్ కాడ దుబాయ్ క్యాసెట్టు మోగుతుంది. మాటలేందో సమజ్ గాలె గని, ఎవలో ఆడామె మా అవ్వ రాగం తీస్తుంది. గా రాగం నాకు, వానికి తప్ప ఎవలకు రాదు. ఊర్ల అందరు నా మొకమే సూస్తున్నరు. ఎవలే గామె? ఎవల కోసం ఏడుస్తుంది?"

నేను గాయనిగారి వైపు చూశాను. ఆవిడ పకోడీకి పచ్చిమిరపకాయ నంజుకుంటున్నారు.

"ఆమె ఎవల కోసం ఏడుస్తలేదమ్మా. ఆమెకు ఏడ్పు రాదు" అన్నాను.

"వాని గొంతు ఇనిపియ్యి నాకు!" అని అరిచింది అమ్మ. ఆ అరుపు హాలులో అందరికీ వినబడింది.

మామ అప్పటికే లేచి నిలబడ్డాడు. రిసీవరు అందుకుని "అక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటే సగంలో విరిగిపోయింది.

"ఎవడన్న అంటడు అక్కా అని" అంటోంది అమ్మ. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా వినబడుతోంది. "నువ్వే అయితే అవ్వను ఏడ్వు. ఎట్ల ఏడ్సినవో నేనింట."

మామ ఫోన్ బల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక చెయ్యి చెవి మీద పెట్టుకున్నాడు. హాలులో ఎవరున్నారో చూడలేదు. మన్ను మన్నుగానే ఉన్న ఆ శోకం ఎత్తుకున్నాడు. కీబోర్డు ఆయన మెల్లగా ముందుకి వంగి రికార్డు బటన్ నొక్కడం చూశాను. వెళ్ళి ప్లగ్గు లాగి పారేశాను.

"అదేంటండీ, ఇంత ఒరిజినల్‌గా వస్తుంటే..." అన్నాడు.

"నోరు మూసుకుని కూర్చోండి" అన్నాను. మావారు ఈసారి మోచెయ్యి తట్టలేదు.

మామ శోకం "మన్ను ఎట్ల కప్పుకుంటివే" దగ్గర ఆగిపోయింది. అక్కడికి మించి ఆయనకి చెప్పడానికి ఏమీ లేదు. ఆయన అక్కడ లేడు కదా. అమ్మమ్మ ఎలా పోయిందో ఆయన నన్నెప్పుడూ అడగలేదు. నేనూ అప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉన్నాను, నాకూ తెలియదు. అమ్మని అడిగితే "పోయింది, గంతే" అనేది. ఇలాంటివి శోకంలో తప్ప మామూలు మాటల్లో చెప్పుకోవడం మావాళ్ళకి చేతకాదు.

మామ ఆగిన చోట అమ్మ అందుకుంది. ఆ ఫోన్ బూత్‌లో, ఆ మనుషుల మధ్య, అదే రాగం. మామ తల రిసీవరుకి ఆనించి వింటున్నాడు. నేను ఆయన పక్కన కూలబడ్డాను. వాకిట్లో మంచం వేయించుకుందట అమ్మమ్మ. రోడ్డు వైపే మొహం పెట్టిందట. అంబలి నోట్లో పోస్తే వద్దని, బస్సొచ్చిందా అని అడిగిందట. ప్రతి బస్సుకీ అడిగిందట.

అప్పుడు వెనక కదలిక వినబడి తిరిగి చూశాను. ఎంపిక సంఘం ఒక్కొక్కరే లేచి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నారు. వెళ్ళొస్తామని ఎవరూ అనలేదు. చావింటి నుంచి చెప్పకుండా పోవాలన్న సంగతి వాళ్ళకి గుర్తొచ్చినట్టుంది. పాటలతో పెట్టుకున్న ఇన్నాళ్ళలో వాళ్ళు సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఫోన్లో అమ్మ గొంతు బొంగురుపోయింది. "పక్కింటోడు నీళ్ళు తాపవోతె వాని చెయ్యి వట్టె తమ్ముడా... నా కొడుకొచ్చిండె అనె తమ్ముడా... వాని చెయ్యే నీ చెయ్యని సల్లగ కన్ను మూసె తమ్ముడా..."

ఇన్నేళ్ళూ అమ్మ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మామ వేళ్ళతో ఫోన్ వైరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"అంటె అవ్వ లెక్కల నేను అచ్చినట్టేనా అక్కా?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలాగా.

"అచ్చినవ్ రా" అంది అమ్మ. "నువ్వు అచ్చినంకనే పోయింది."